లోబడమన్న పౌలే నిలదీశాడు

2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పాత గుంటూరు జిల్లా కొత్తపాలెంలో పాస్టరుగా ఉన్న ఒక దళితుడు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసు అది. జస్టిస్ ఎన్. హరినాథ్ దాన్ని కొట్టేశారు. ఫిర్యాదు చేసినాయన పదేళ్లుగా పాస్టరు, క్రైస్తవంలో కులం లేదు, ఆ మతంలోకి వెళ్లిన రోజే ఆయన షెడ్యూల్డు కులంవాడు కాకుండా పోయాడు, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా ఈ చట్టం ఆయనకు అక్కరకు రాదు. తీర్పు సారాంశం ఇదీ.

ఆ వారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద కూర్చుని ఇదే మాట్లాడుకున్నాం. మా బాబాయి సంఘపెద్ద, ఎనభై దాటిన మనిషి. "పై అధికారులకు లోబడమని పౌలు రాసిపెట్టాడు గదరా. కోర్టన్నా అధికారమేగా. ఇంక మనం మాట్లాడేదేముంది?" అన్నాడు. కుర్రాళ్లు ఊరుకోలేదు. "అయితే పౌలు వాళ్ల వైపేనా తాతా?" అని అడిగారు. బాబాయి మాటలో భక్తి ఉంది, కుర్రాళ్ల మాటలో నొప్పి ఉంది. రెండూ నావే. అందుకే రాస్తున్నాను.

నేను మాల క్రైస్తవుణ్ణి, లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. పన్ను కడతాను, ఓటు వేస్తాను, ప్రతి ఆదివారం పాలకుల కోసం చేసే ప్రార్థనకు మనసారా ఆమేన్ అంటాను. ఓటు కూడా లోకసంబంధమని దూరంగా ఉండే విశ్వాసులు నాకు తెలుసు. వాళ్ల దారి నాది కాదు. ప్రభుత్వానికి నా మీద అధికారం ఉందనీ, అది పైనుంచి వచ్చిందేననీ నమ్ముతాను. అయితే ఆ అధికారానికి ధర్మబలం ఎక్కడుందో కూడా నాకు ఒక లెక్క ఉంది. ఊళ్లో అందరికంటే బలహీనుడు దాని ముందు నిలబడి తన గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోగలగాలి. చెప్పుకున్నందుకు నష్టపోకూడదు. నిజం చెప్పినవాడి రక్షణ తీసేసి, దాచుకున్నవాడికి మిగిల్చే ప్రభుత్వం, ఆ మేరకు తన ధర్మబలాన్ని తానే పోగొట్టుకుంటుంది. రైతు గుంటూరు యార్డుకు తెచ్చిన మిర్చి టిక్కీని కాటా మీద పెట్టేది ఆ ముల్లు అబద్ధం చెప్పదన్న నమ్మకంతోనే. ఆ నమ్మకం పోయాక కాటా ఎంత పెద్దదైనా అది ఉత్త ఇనుమే.

నేను పనిచేసింది ఒక ఎయిడెడ్ మిషన్ హైస్కూల్లో. తెలుగు పండితుడిగా చేరి హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప. జూన్‌లో బడి తెరవగానే పిల్లల్ని చేర్చడానికి తండ్రులు వచ్చేవాళ్లు. చాలామంది తెలిసినవాళ్లే, ఆదివారం నా పక్కనే చాప మీద కూర్చునేవాళ్లే. అడ్మిషన్ రిజిస్టరులో మతం, కులం గడి దగ్గరికొచ్చేసరికి వాళ్ల గొంతు తగ్గిపోయేది. "హిందూ మాల అని రాయండి మాస్టారూ." పక్కన నిలబడ్డ పిల్లవాడు మొన్ననే సండే స్కూల్లో కంఠత వాక్యాలు అప్పజెప్పినవాడు. చర్చిలో వాడు దానియేలు, రిజిస్టరులో రాంబాబు. తల్లిదండ్రులు చెప్పిందే రాయాలన్నది నిబంధన, అదే రాసేవాణ్ణి. మిషన్ కట్టించిన బడిలో, గోడ మీద సిలువ కింద, క్రైస్తవుల పిల్లలు ఏటేటా హిందువులుగా నమోదవుతూ వచ్చారు.

ఒక తండ్రి మాట ఇప్పటికీ చెవిలో ఉంది. పత్తి మందు కొట్టే కూలి, వేళ్ల సందుల్లో తెల్లగా పొట్టు లేచి ఉండేది. సంతకం పెట్టి, పెన్ను నాకిస్తూ అన్నాడు: "దేవుడికి తెలుసులెండి మాస్టారూ. సర్కారుకు తెలియకపోతే చాలు."

అతను పాపం చేశాడా? నిర్గమకాండం మొదటి అధ్యాయంలో ఇద్దరు మంత్రసానులున్నారు, షిఫ్రా, పూయా. హెబ్రీయుల ఇళ్లలో మగపిల్లవాడు పుడితే చంపెయ్యమని ఫరో ఆజ్ఞ. వాళ్లు చంపలేదు. ఎందుకు చంపలేదని రాజు పిలిచి అడిగితే ఏదో సాకు చెప్పి తప్పించుకున్నారు. దేవుడు వాళ్లను తప్పుపట్టలేదు, మేలు చేశాడని రాసి ఉంది. బిడ్డను బతికించుకోవడానికి రాజు ముందు అబద్ధమాడాల్సి వచ్చినప్పుడు ఆ అబద్ధం బరువు రాజు మెడకే పడుతుందని నేను ఆ అధ్యాయాన్ని చదువుకున్నాను. ఆ తండ్రి విషయంలోనూ నా తీర్పు అదే.

నిజం చెబితే ఏం పోతుందో తెలియనివాళ్ల కోసం చెప్పాలి. షెడ్యూల్డు కులాలకు మన రాష్ట్రంలో 15 శాతం రిజర్వేషన్. క్రైస్తవుడని రాయించుకుంటే అదే మాలపల్లె, అదే మాదిగపల్లె పిల్లవాడు బీసీ-సిలోకి వెళతాడు. దానికి 1 శాతం. ఎస్సీ రిజర్వుడు స్థానంలో పోటీ చేయలేడు. ఎవడైనా కులం పేరు పెట్టి తిట్టి కొడితే అత్యాచారాల చట్టం వర్తించదు. 1977లో మన ప్రభుత్వం జీవో 341 ఇచ్చి, దళిత క్రైస్తవులకు కొన్ని ఆర్థిక రాయితీలు కల్పించింది. కానీ జీవోతో వచ్చిన రాయితీ వేరు, చట్టం ఇచ్చే రక్షణ వేరు అని కోర్టు తేల్చేసింది.

దీనంతటికీ మూలం 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరిట వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, అందులోని మూడో పేరా. హిందూ మతం కాక మరో మతంలో ఉన్నవాణ్ణి షెడ్యూల్డు కులం వాడిగా ఎంచకూడదని ఆ పేరా సారం. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. ఆ రెండూ న్యాయమే, సంతోషమే. క్రైస్తవులు, ముస్లింలు బయట మిగిలారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకూ మతానికీ ముడి తెంపమని సిఫారసు చేసింది. మన శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. అంతకుముందు 2022లో కేంద్రం ఇదే విషయం పరిశీలించమని జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఆగస్టు 10ని మా సంఘాల్లో చాలామంది బ్లాక్ డేగా పాటిస్తారు.

క్రైస్తవంలో కులం లేదన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. అది మా మాటే. ప్రసంగపీఠం మీదినుంచి మేమే చెబుతూ వచ్చాం. క్రీస్తులో యూదుడని, గ్రీకువాడని తేడా లేదని పౌలు గలతీ సంఘానికి రాసింది మాకు ప్రాణం. కానీ ఈ నేల మీద సంగతి చూడండి. లూథరన్ సంఘాల్లో ఎక్కువమంది మాలలు, ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు. ఫిరంగిపురం వైపు రెడ్డి, కమ్మ కేథలిక్కులున్నారు. అందరూ ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరిస్తారు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరి పల్లె వాళ్లదే. ఇది సంఘానికి సిగ్గుచేటు, నేను దాచను. కులం లేకుండా బతకడం దేవుడు మాకు పెట్టిన పరీక్ష. ఆ పరీక్ష మేమింకా పాసవలేదు. పాసైనట్టు కోర్టు రాసుకుంది. మేం ఎలా బతకాలో చెప్పే బోధను పట్టుకొచ్చి, మేం ఎలా బతుకుతున్నామో చెప్పే సాక్ష్యంగా పెట్టుకుంది.

అయినా సంఘంలో కులం పోయిందనే అనుకుందాం. ఊళ్లో పోయిందా? మా అమ్మ మిరపకోతలకు వెళ్లేది. కోతలు అయ్యాక కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరేది, తొడిమలు తీసేది. సాయంత్రానికి వేళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి. ఇంటికొచ్చి గిన్నెలో పుల్లమజ్జిగ పోసుకుని చేతులు ముంచుకుని కూర్చునేది. ఆ చేతులతో మమ్మల్ని ముట్టుకునేది కాదు, మా కళ్లు మండుతాయని. ఆమె మెడలో మంగళసూత్రం దారానికి సిలువ ఉండేది. కల్లంలో దాహమేస్తే ఆసామి ఇంటి మనిషి చెంబు ఎత్తి దోసిట్లో నీళ్లు పోసేది, చెంబు చేతికిచ్చేది కాదు. అమ్మ మెళ్లోని సిలువ ఆ చెంబును ఒక్క బెత్తెడు కూడా దించలేదు. బాప్తిస్మం రిజిస్టరు తెరిచి చూసి నీళ్లు పోసిన ఆసామి ఈ మైదానంలో లేడు.

నీళ్ల మాట వస్తే కారంచేడు గుర్తురాకుండా ఉండదు. 1985 జూలై 17. మాదిగల తాగునీటి చెరువు దగ్గర గొడవ మొదలైంది. ఆరుగురు మాదిగలను చంపారు, ఆడవాళ్లను చెరిచారు. చనిపోయినవాళ్లలో మోషే అనే పేరున్నవాళ్లున్నారు. మిగిలినవాళ్లు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్లీ ఆ ఊరికి వెళ్లేది లేదన్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్లు అక్కడ నిలబడ్డారు, దళిత మహాసభ అక్కడినుంచే పుట్టింది. ప్రధాన సాక్షి అలీసమ్మ ఆ తర్వాత హత్యకు గురైంది. 1989లో పార్లమెంటు అత్యాచారాల నిరోధక చట్టం తేవడానికి కారణమైన ఘటనల్లో కారంచేడు ఒకటి. మోషేల నెత్తురుతో వచ్చిన చట్టం ఇవాళ మోషే అని పేరు పెట్టుకుని, పాస్టరునని చెప్పుకున్నవాడికి వర్తించదంటే ఏమనుకోవాలి?

చుండూరు హత్యాకాండ 1991 ఆగస్టు 6న జరిగింది. పోలీసులు ఊళ్లో ఉండగా, పట్టపగలు ఎనిమిదిమంది దళితులను వేటాడి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. ఆ పేర్లలో సంసోను ఉన్నాడు, ఇస్సాకు ఉన్నాడు, ఇమ్మానుయేలు ఉన్నాడు. వాళ్లను ఊరి మధ్యలోనే పూడ్చారు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు.

ఇక్కడే పౌలు దగ్గరికి రావాలి, బాబాయికి జవాబు చెప్పాలి.

రోమా పత్రిక పదమూడో అధ్యాయం పౌలు రాసేనాటికి గద్దె మీదున్నది నీరో. పాలకుడు దేవుడి కొలువులో ఉన్నాడని, మంచి చేసేవాడికి మేలు చేయడానికి, చెడ్డవాణ్ణి శిక్షించడానికి అతన్ని నిలబెట్టారని పౌలు రాశాడు. కొలువులో ఉన్నవాడికి పని ఒప్పజెప్పి ఉంటుంది, ఆ పనికి అతను లెక్క చెప్పాలి. పాలకుడికి ఒప్పజెప్పిన పనేమిటో ఆ అధ్యాయంలోనే ఉంది. మన సంఘాల్లో మాత్రం లోబడమన్న మొదటి మాట దగ్గరే పుస్తకం మూస్తారు.

ఆ పౌలే ఫిలిప్పీలో ఏం చేశాడో అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయంలో ఉంది. విచారణ లేకుండా అతన్నీ సీలనూ బహిరంగంగా బెత్తాలతో కొట్టించి జైల్లో వేశారు. తెల్లారాక న్యాయాధిపతులు బంట్రోతులను పంపి, వాళ్లను వదిలేయండి, వెళ్లిపొమ్మనండి అన్నారు. చెప్పినట్టు లోబడే మనిషైతే చేతులు జోడించి వెళ్లిపోవాలి. పౌలు కదల్లేదు. రోము పౌరులమైన మమ్మల్ని నలుగురిలో కొట్టి, ఇప్పుడు చాటుగా పంపేస్తారా, కుదరదు, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు భయపడి వచ్చారు, బతిమాలారు. పౌలు జైలు గోడ పగలగొట్టలేదు, రాయి విసరలేదు. రోము చట్టాన్ని రోము అధికారుల ముందే పెట్టి, మీ పని మీరు చేయండి అని నిలదీశాడు. లోబడమని రాసినవాడు ఇతనే. కాబట్టి ఆ మాటకు అర్థం కూడా ఇతని నడతలోనే వెతకాలి.

చుండూరు మాలపల్లె అచ్చంగా అదే చేసింది. మా ఊళ్లో చంపారు కాబట్టి మా ఊళ్లోనే విచారించండి, కోర్టే ఇక్కడికి రావాలి అని పట్టుబట్టింది. ప్రభుత్వం ఇస్తానన్నవన్నీ పుచ్చుకుని మాట్లాడకుండా ఊరుకోలేదు. ఏళ్ల తరబడి పోరాడితే చుండూరులోనే ప్రత్యేక కోర్టు వచ్చింది. దేశంలో అలా హత్యాకాండ జరిగిన ఊళ్లోనే కోర్టు పెట్టడం అదే మొదలు. పొలం పనులకు వెళ్లే ఆడవాళ్లు కూలి మానుకుని వెళ్లి బోనెక్కి సాక్ష్యం చెప్పారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కేసు సుప్రీంకోర్టు గడప ఎక్కింది.

ఆ 2014 తీర్పు విన్నరోజు అన్నం సహించలేదు. కానీ చుండూరు ఓడిపోయిందని నేను అనుకోను. రోమా పదమూడును మన జిల్లాలో అందరికంటే సరిగా చదివింది ఆ పల్లే. ప్రభుత్వాన్ని కాదనకుండా, ప్రభుత్వం చేత దాని పని చేయించడానికి పదహారేళ్లు ఓపిక పట్టింది. అంత నమ్మకం ఈ దేశపు న్యాయస్థానాల మీద పెద్దపెద్ద ఆసాములకు కూడా లేదు.

ప్రభుత్వంతో చేయి కలిపినప్పుడు మన సంఘాలు ఏం చేశాయో కూడా చెప్పాలి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్కారు ఓవర్సీర్ల చేతిలో మాదిగలు పడే అవస్థ చూసి, తన మనుషులకు తానే పనిచ్చి కూలి ఇచ్చాడు. ఆ కరువు రోజుల్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తెరిపిచ్చాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. కాలవ తవ్వకం ప్రభుత్వం డబ్బుతో జరిగిన పనే. అయినా ఆ కాంట్రాక్టు వల్ల బలహీనుడి వీపు మీద దెబ్బ తగ్గింది.

స్టువర్టుపురం కథ దీనికి తలకిందులు. బాపట్ల దగ్గర 1913లో ఆ సెటిల్‌మెంటు పెట్టారు. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవాళ్లను, పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి, అక్కడికి తెచ్చి ఉంచారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఆ ఊరికి పెట్టారు. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. క్రీస్తు పేరున వచ్చిన సంస్థ. ఊరు దాటాలంటే అనుమతి కావాలి, హాజరు పలకాలి. బడి పెట్టారు, పని ఇప్పించారు, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలి దొరికింది, అవన్నీ నిజం. ఆ సంస్థలో ప్రేమతో పనిచేసిన మనుషులున్నారని కూడా ఒప్పుకుంటాను. కానీ పొద్దున ప్రార్థనకు పిలిచే మనిషే రాత్రి హాజరు తీసుకుంటే, తల్లి గర్భంలోనే బిడ్డను నేరస్థుణ్ణి చేసిన చట్టాన్ని ప్రశ్నించేదెవరు? తాళంచెవి చేతిలో ఉన్న మిషన్ ప్రవక్త కాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టులో ఆ చట్టం రద్దయింది. తర్వాత ఆ ఊళ్లో దొంగ అన్న ముద్ర తుడవడానికి నడుం కట్టినవాళ్లు నాస్తికులు, లవణం, హేమలత దంపతులు. హేమలత వినుకొండ కవి జాషువా కూతురు. పుట్టుకతోనే మనిషిని ఊరి బయట నిలబెట్టే ధర్మాన్ని జీవితమంతా నిలదీసిన కవి ఇంటి ఆడబిడ్డ ఆ పని చేసింది. మా సంఘాల వాళ్లం ఆ సంగతి మరిచిపోకూడదు.

ఈ రెండు కథలూ గుర్తుపెట్టుకుని ఇప్పటి సంగతి చూడండి. 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం మొదలుపెట్టింది. పల్లెల్లో పాస్టరు కుటుంబం ఎంత బీదగా బతుకుతుందో నాకు తెలుసు. ఆదివారం కానుకల సంచిలో పడేది ఎంతో లెక్కపెట్టిన చేయి నాది. ఆ డబ్బు తీసుకున్న అయ్యగారిని నేను నిందించను. కానీ పథకాన్ని ఒప్పుకోను. దావీదు చేసిన పాపాన్ని అతని మొహం మీదే చెప్పిన నాతాను రాజు దగ్గర నెలజీతం పుచ్చుకుంటూ ఉంటే ఆ మాట అంత తేలిగ్గా పెదవి దాటేది కాదు. ఇంకో చిక్కూ ఉంది. పాస్టర్లకు సాయం అందగానే, ఇందులో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఇంతమందని ఫిర్యాదులు వెళ్లాయి. ఒక చేత్తో పాస్టరువని డబ్బిచ్చి, రెండో చేత్తో పాస్టరువు కాబట్టి దళితుడివి కావు అనే ప్రభుత్వం దగ్గర చేయి చాచడం ఎంత ప్రమాదమో ఇప్పటికైనా తెలియాలి.

ఎన్నికలప్పుడు మన సంఘాల్లో జరిగేదీ నాకు నచ్చదు. అభ్యర్థి వస్తాడు, శాలువా కప్పుతాం, పెద్దాయన తలమీద చేయిపెట్టి ప్రార్థిస్తాడు, సమాధుల స్థలం అడుగుతాం, ప్రహరీ గోడ అడుగుతాం. మూడో పేరా గురించి అడిగినవాణ్ణి నేను చూడలేదు.

ఎదుటివాళ్ల వాదనలు కూడా విన్నాను, వాటిలో తీసిపారేయలేనిది ఒకటుంది. హిందువులుగా ఉన్న మాల, మాదిగ సోదరులు అడుగుతారు: "మీరొస్తే మా వాటా తగ్గదా?" ఆ భయం న్యాయమైనదే. సీట్లు తక్కువ, ఆశపడేవాళ్లు ఎక్కువ. కానీ నా రిజిస్టరు చూసినవాడిగా చెబుతున్నాను, మావాళ్లలో చాలామంది ఇప్పటికే ఆ వాటాలో ఉన్నారు, మారుపేరుతో ఉన్నారు. చట్టం మారితే అందులో అందరూ కొత్తగా చేరరు. చాలామంది తమ పేరుతో తాము కనిపిస్తారు, అంతే. నిజంగా కొత్తగా వచ్చేవాళ్లుంటే ఆ మేరకు వాటా పెంచమని అందరం కలిసి అడుగుదాం. కారంచేడులో కొట్టినవాళ్లు ఎవరు హిందువు, ఎవరు క్రైస్తవుడు అని అడిగి కొట్టలేదు.

మతం మారే స్వేచ్ఛ ఉంది, ఫలితం కూడా అనుభవించండి అనేవాళ్లున్నారు. వాళ్లను నేనొకటే అడుగుతాను. మతం మారిన రెడ్డిగారికి భూమి పోయిందా? కమ్మవారికి మర్యాద పోయిందా? మారినందుకు పోగొట్టుకున్నవాడు ఒక్కడే, అంతకుముందే ఏమీ లేనివాడు.

ఇంకొందరు మావాళ్లే అంటారు, ఇది మన సిలువ, మోద్దాం, లోకంలో న్యాయం అడగడమేంటి అని. క్రీస్తు తన సిలువ తాను మోశాడు. పక్కవాడి బిడ్డ మెడ మీద మనం పెట్టేదాన్ని సిలువ అనకూడదు. చుండూరు సాక్షులు కూలి మానుకుని బోనెక్కింది తమ కోసమే కాదు, తర్వాత పుట్టే పిల్లల కోసం.

సంఘ పెద్దలకు, అయ్యగార్లకు నా విన్నపం. వచ్చే ఆగస్టు 10న నల్లరిబ్బను కట్టుకుని ఫొటో దిగడంతో ఆపకండి. ఆ వారం రోమా పదమూడుతో పాటు అపొస్తలుల కార్యములు పదహారు కూడా చదివించండి. మీ ఊరి ఎంపీ ఏ పార్టీ అయినా ఆయన్ని చర్చికి పిలిచి, శాలువా కప్పకుండా, మూడో పేరా మీద మీ మాటేమిటని సంఘం ముందు అడగండి. పక్క పేటలోని దళిత హిందువులను కూడా ఆ రోజు పిలవండి, వాళ్ల భయం వాళ్ల నోటితోనే వినండి. లూథరన్‌లు, బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీ వాళ్లు, కేథలిక్కులు ఆ ఒక్క పనికైనా ఒకచోట కూర్చోండి.

పార్లమెంటు సభ్యులకు ఒక్కమాట. 1950 ఉత్తర్వును 1956లో, 1990లో మార్చింది మామూలు చట్టాలతోనే. మూడో పేరా తీసేయడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, మూడింట రెండువంతుల మెజారిటీ అక్కర్లేదు. ఉభయసభల్లో సాధారణ మెజారిటీతో ఒక బిల్లు నెగ్గితే చాలు.